వానలో తడిసినా చదవగలిగే నీలి ఇంకు: రోజూ రాసే పెన్నులో ఏది పోయాలి?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెప్తాను, ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి. మీరు ములుగు జిల్లాలో వ్యవసాయ విస్తరణ అధికారి. రోజూ ఇంక్ పెన్నుతోనే రాస్తారు. పోయిన వానాకాలం బండి మీద పోతుంటే సంచిలోకి నీళ్లు దిగి, నెలన్నర రోజులు ఊరూరా తిరిగి రాసుకున్న పంటల నమోదు డైరీ నీలి మరకలైపోయింది. ఆఫీసులో నీలి ఇంకే వాడమంటారు. నీళ్లు పడ్డా అక్షరం నిలవాలి, పెన్ను పాడు కావద్దు. మీ దగ్గర రెండు పెన్నులున్నాయి: తాతగారి రాజమండ్రి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను ఒకటి, కన్వర్టర్ (ఇంకు పీల్చి నింపుకునే చిన్న గొట్టం) ఉన్న మామూలు స్టీల్ పాళీ పెన్ను ఒకటి. ఏ ఇంకు కొనాలి, ఎక్కడ దొరుకుతుంది?

నేరుగా జవాబు: కన్వర్టర్ పెన్నులో పైలట్ కంపెనీ మామూలు నీలి ఇంకు పోయండి. అదే కంపెనీ ఐరోషిజుకు పేరుతో అమ్మే ఖరీదైన సీసాలు కాదు, సాదాగా ‘బ్లూ’ అని రాసి ఉండే సీసా. అది పూర్తిగా వాటర్‌ప్రూఫ్ కాదు. తడిస్తే కొంత నీలం కారుతుంది, చుట్టూ లేత మరక పడుతుంది. కానీ గీత కాగితం మీద మిగులుతుంది, రాసింది చదవగలుగుతారు. మీకు కావలసింది అదే.

ఏళ్ల తరబడి దాచాల్సిన రిజిస్టర్ అయితే పిగ్మెంట్ నీలం, అంటే నీటిలో కరగని సన్నని రంగు పొడి ఉన్న ఇంకు, వాడండి. ప్లాటినం పిగ్మెంట్ బ్లూ గానీ, డి అట్రామెంటిస్ డాక్యుమెంట్ బ్లూ గానీ. అయితే ఆ పెన్నుతో రోజూ రాసే అలవాటు ఉంటేనే. నీలం కాస్త నలుపు వైపు తిరిగినా మీ ఆఫీసులో ఒప్పుకుంటారంటే ఐరన్ గాల్ ఇంకు, అంటే ఇనుము కలిసిన ఇంకు, ఇంకో మంచి దారి. తాతగారి పెన్నులో మాత్రం పిగ్మెంట్ ఇంకు వద్దు. ఎందుకో కింద చెప్తాను.

నేను హనుమకొండలో 30 ఏళ్లు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైర్ అయ్యాను. ఏడో తరగతి నుంచి ఇంక్ పెన్నుతోనే రాస్తున్నా. మా నాన్న ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. తక్‌పట్టీలు, ఖాతా పుస్తకాలు ఆయన చేతి రాతలోనే ఉండేవి. చెమట చెయ్యి, మిర్చి దుమ్ము, అకాల వాన, ఇవన్నీ ఆయన కాగితాల మీద పడేవి. అందుకే ఇంకు తడిస్తే ఏమవుతుందన్నది నాకు చిన్నప్పటి నుంచి ఇంట్లో మాటే.

కానీ అసలు పాఠం 2023 జూలై చివరి వారంలో దొరికింది. మీ ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డ వారం అది. ఇక్కడ నాలాలు పొంగి వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి. భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ దగ్గర గండి పడింది. మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. అలమర కింది అరలో నా పాత నోట్సులన్నీ ఉన్నాయి. ఒకటిన్నర రోజు నీళ్లలో నానాయి.

నీళ్లు పోయాక ఒక్కో పుస్తకం విప్పి చూశాను. మామూలు రాయల్ బ్లూతో రాసిన పాఠాల నోట్సులో కాగితమంతా లేత నీలం పరుచుకుంది, ఒక్క సమీకరణం కూడా మిగలలేదు. పైలట్ నీలంతో రాసిన రెండు పుస్తకాల్లో అంచులు మసకబారాయి, కానీ నూటికి తొంభై మాటలు చదవగలిగాను. ఐరన్ గాల్ బ్లూ బ్లాక్‌తో రాసిన ప్రాక్టికల్స్ పుస్తకంలో నీలం మొత్తం పోయింది, బూడిద రంగు గీత నిన్న రాసినట్టు నిలిచింది. బాల్‌పెన్ రాతకు పెద్దగా ఏమీ కాలేదు. పెన్సిల్ రాత అసలు చెక్కుచెదరలేదు. అన్నీ ఒకే అర, ఒకే నీళ్లు. ఆ రోజు నుంచి ఇంకు సీసా మీద రాసిన మాట కంటే, నీళ్లు పోయాక కాగితం మీద ఏం మిగిలిందన్నదే నేను చూస్తున్నా.

రాయల్ బ్లూ ఎందుకు పోతుంది?

స్కూలు పిల్లల కోసం అమ్మే రాయల్ బ్లూ, వాషబుల్ బ్లూ ఇంకుల్ని కడిగితే పోవాలనే తయారు చేస్తారు. యూనిఫాం మీద పడ్డా సబ్బుకు పోవాలి, పెన్నులో ఎండిపోయినా మామూలు నీళ్లకు కరగాలి. ఆ రంగు అణువులు నీటిని బాగా ఇష్టపడతాయి. కాగితంలోని సెల్యులోజ్‌ను అవి గట్టిగా పట్టుకోవు, ఊరికే ఆనుకుని ఉంటాయి. నీళ్లు రాగానే నీళ్లతో వెళ్లిపోతాయి.

మన కొత్తవాడ దర్రీల సంగతి గుర్తు చేసుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. నూలు అంటే దాదాపు పూర్తిగా సెల్యులోజే. కాగితం కూడా అదే. నూలు పోగును రంగు పట్టుకుంటే దర్రీని ఎన్నిసార్లు ఉతికినా ఉంటుంది. పట్టుకోకపోతే మొదటి ఉతుకులోనే బకెట్ నీళ్లు రంగు తేలుతాయి. మీ డైరీలో జరిగింది రెండోది.

అలాగని రాయల్ బ్లూ చెడ్డ ఇంకు కాదు. పెన్నుకు అంత మెత్తని ఇంకు ఇంకోటి లేదు. తాతగారి పెన్నులో దాన్నే పోయండి. ఇంట్లో కూర్చుని ఉత్తరాలు రాయండి, లెక్కలు రాసుకోండి. పొలం గట్ల మీదికి తీసుకుపోకండి, అంతే.

ఇంకో జాగ్రత్త. రాయల్ బ్లూ ఇంకును చెరిపే ప్రత్యేకమైన పెన్నులు బజారులో దొరుకుతాయి, ఆ రసాయనం తగలగానే రంగు మాయమవుతుంది. కాబట్టి చెక్కుల మీద, ఒప్పంద పత్రాల మీద, రైతు సంతకం పక్కన మీరు పెట్టే సంతకానికి దాన్ని వాడొద్దు.

‘పర్మనెంట్’ అన్న మాటను నమ్మి కొనకండి. చాలామంది ఇక్కడే మోసపోతారు. సీసా మీద పర్మనెంట్ అని ఉంటే నీళ్లకు పోదని అనుకుంటారు. పాత రోజుల్లో ‘వాషబుల్’ రకం కాదని చెప్పడానికి ఆ మాట వేసేవాళ్లు. బట్ట మీద మరక పోకపోవడం వేరు, కాగితం మీద అక్షరం నీళ్లకు నిలవడం వేరు. వెలుతురుకు వెలిసిపోకపోవడం మళ్లీ ఇంకో సంగతి. నీళ్లకు బాగా నిలిచే కొన్ని రంగులు కిటికీ పక్కన పెడితే నెలల్లోనే పాలిపోతాయి. ఈ మూడింటినీ విడివిడిగా అడగాలి. మీకు ముందు కావలసింది నీళ్లకు నిలవడం. రిజిస్టర్ బీరువాలో ఉంటుంది కాబట్టి వెలుతురు సంగతి మీకు తర్వాతిది.

‘ఐఎస్ఓ 14145-2’ అన్న గుర్తు ఉంటే అది కొంత నమ్మదగిన మాట. రోలర్‌బాల్ పెన్నుల్లో దస్తావేజులకు పనికొచ్చే ఇంకు కోసం పెట్టిన ప్రమాణం అది. మోంట్‌బ్లాంక్ పర్మనెంట్ బ్లూ ఆ ప్రమాణం చెప్పుకొని అమ్ముతుంది. మంచి ఇంకే, కానీ రోజువారీ డైరీకి అంత ఖర్చు అక్కర్లేదు.

ఇక నీళ్లకు నిలిచే నీలి ఇంకుల్లో నేను వాడి చూసిన దారులు చెప్తాను. అన్నింటికీ ఒకే స్థాయి శ్రద్ధ అక్కర్లేదు, కాబట్టి కొన్నింటి గురించి ఎక్కువ, కొన్నింటి గురించి తక్కువ రాస్తున్నా.

పైలట్ నీలం మామూలు రంగు ఇంకే. కణాలు లేవు, ఇనుము లేదు. అయినా అందులోని రంగులో ఎక్కువ భాగం కాగితాన్ని పట్టుకుంటుంది. పెన్ను కడగడం సులువు. వారం రోజులు రాయకపోయినా పాళీ మొండికెయ్యదు. దీని అన్న లాంటిది పైలట్ బ్లూ బ్లాక్. అది నీళ్లకు ఇంకా గట్టిది. మీ పై అధికారి బ్లూ బ్లాక్‌కు అభ్యంతరం చెప్పరంటే నేను దానికే ఓటేస్తాను. 30 మిల్లీలీటర్ల సీసా కొన్నారనుకోండి, కన్వర్టర్లో సుమారు 0.7 మిల్లీలీటర్లు పడుతుంది. అంటే నలభైసార్లకు పైగా నింపుకోవచ్చు. రోజుకు రెండు మూడు పేజీలు రాసేవాళ్లకు ఏడాది దగ్గర దగ్గరగా వస్తుంది. అలా లెక్క వేసుకుంటే ధర భారం అనిపించదు.

ఐరన్ గాల్ అంటే నాకు ప్రత్యేకమైన ప్రేమ, కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

ప్రతి సంవత్సరం ఇంటర్ పిల్లలకు ఒక ప్రయోగం చేసి చూపేవాణ్ని. నాలుగు కరక్కాయలు దంచి, గింజలు తీసేసి, పెచ్చుల్ని నీళ్లలో పావుగంట మరిగించేవాణ్ని. వడగడితే లేత గోధుమ రంగు కషాయం వస్తుంది. అందులో చిటికెడు అన్నభేది వేసి కలపగానే పిల్లల కళ్ల ముందే అది నల్లబడేది. క్లాసంతా ఒక్కసారి ముందుకు వంగేది. కరక్కాయలో టానిన్లు ఉంటాయి, అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేట్. రెండూ కలిసి గాలి తగిలితే నల్లటి పదార్థం పుడుతుంది, అది నీటిలో కరగదు. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు వచ్చేదీ ఈ పద్ధతిలోనే. కరక్కాయ పట్టించిన బట్ట మీద, ఇనుప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన కషాయంతో గీస్తే గీసిన చోటల్లా నల్లబడుతుంది. మీ ములుగు అడవుల్లో దొరికే కరక్కాయలోనే ఈ కెమిస్ట్రీ ఉంది.

ఐరన్ గాల్ ఇంకు చేసే పని కూడా ఇదే. సీసాలో ఉన్నప్పుడు ఇనుము కరిగిన రూపంలో ఉంటుంది. కాగితం మీద పడి గాలి తగిలాక మెల్లగా మారి, పోగుల మధ్యలో కరగని నల్లటి గీతగా స్థిరపడుతుంది. రాసేటప్పుడు అక్షరం కంటికి కనబడాలి కదా, అందుకని అందులో నీలి రంగు కలుపుతారు. కాబట్టి మొదట నీలంగా రాస్తుంది, గంటలు గడిచే కొద్దీ నలుపు వైపు ముదురుతుంది. తడిస్తే ఆ పైనున్న నీలం పోతుంది, కింద ఇనుము గీసిన గీత ఉంటుంది. నా ప్రాక్టికల్స్ పుస్తకంలో జరిగింది అదే.

ఇందులో రోజువారీకి పనికొచ్చేవి రోరర్ అండ్ క్లింగ్నర్ వాళ్ల సాలిక్స్, ప్లాటినం బ్లూ బ్లాక్, పెలికాన్ 4001 బ్లూ బ్లాక్. సాలిక్స్ అన్నింటికంటే నీలంగా ఉంటుంది, అందుకే మీకు ముందు దాని పేరే చెప్తా. ఇంగ్లండ్‌లో పెళ్లి, జనన రిజిస్టర్లకు వాడుతూ వచ్చిన డయమైన్ రిజిస్ట్రార్స్ ఇంక్ వీటిలో గట్టిది, కానీ రోజూ రాసే చవక పెన్నుకు అంత ఘాటు వద్దు.

మీ పనికి ఇందులో ఒక లోటు ఉంది, దాన్ని దాచను. పొద్దున పొలంలో రాసిన పేజీ మధ్యాహ్నానికే తడిస్తే ఐరన్ గాల్ పూర్తి బలం అప్పటికి వచ్చి ఉండదు. దానికి కనీసం ఒక రోజు కావాలి. ఆఫీసులో కూర్చుని రాసే రిజిస్టర్‌కు ఇది అద్భుతం, బండి సంచిలో తిరిగే డైరీకి అంత కాదు. ఇంకో మాట, ఈ ఇంకులు ఆమ్ల గుణం కలవి. మంచి స్టెయిన్‌లెస్ స్టీల్ పాళీకి, బంగారు పాళీకి ఏమీ కాదు. పైన పసుపు పూత వేసిన చవక పాళీ మీద పూత మెల్లగా లేచిపోవచ్చు.

పిగ్మెంట్ ఇంకు సంగతి వేరు. ఇందులో రంగు కరిగి ఉండదు, కంటికి కనబడనంత సన్నని పొడిగా నీళ్లలో తేలుతుంది. నీరు ఆరిపోగానే ఆ పొడి కాగితం పోగుల్లో చిక్కుకుంటుంది, మళ్లీ నీళ్లు పోసినా కరగదు. నీళ్లకు, వెలుతురుకు రెండింటికీ బాగా నిలుస్తుంది. ప్లాటినం పిగ్మెంట్ బ్లూ, డి అట్రామెంటిస్ డాక్యుమెంట్ బ్లూ, సెయిలర్ సౌబోకు ఈ జాతివే. సౌబోకు కాస్త ముదురు నీలం.

కాగితంలో జరిగే ఈ మంచే పెన్నులోనూ జరుగుతుంది, అదే దీనితో చిక్కు. పాళీ కింద నల్లటి నాలుకలా ఉండే ఫీడ్ సందుల్లో ఇంకు ఎండిపోతే ఆ పొడి అక్కడే అతుక్కుంటుంది, మామూలు నీళ్లకు రాదు. మా ఎండలు మీకు తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీలు. ఒక వేసవిలో పిగ్మెంట్ నింపిన పెన్నును టేబుల్ డ్రాయర్లో మరిచిపోయి 20 రోజులు ఊరికెళ్లాను. తిరిగొచ్చాక దాన్ని విప్పి, నానబెట్టి, మళ్లీ కడిగి, వారం రోజులు తంటాలు పడినా ఫీడ్ మునుపటిలా కాలేదు. అప్పటి నుంచి నాది ఒకటే నియమం: పిగ్మెంట్ ఇంకు రోజూ రాసే పెన్నులోనే ఉండాలి. మూత గట్టిగా పట్టే పెన్నయి ఉండాలి. సెలవుకు వెళ్లే ముందు ఖాళీ చేసి కడగాలి.

తాతగారి పెన్నులో వద్దన్నది అందుకే. రాజమండ్రి ఎబొనైట్ పెన్నులు డ్రాపర్‌తో నింపేవి. ఒకసారికి రెండు మూడు మిల్లీలీటర్ల ఇంకు పడుతుంది. అంత ఇంకు వారాల తరబడి లోపల కూర్చుంటుంది, కణాలు అడుగుకు చేరే అవకాశం ఎక్కువ. చేత్తో చేసిన ఆ ఫీడ్ పాడైతే దానికి సరిపోయేది బజారులో దొరకదు. ఇంకో సంగతి, డ్రాపర్ పెన్నులో ఇంకు సగానికి తగ్గాక చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి చుక్క కారుతుంది. జేబులో పెట్టుకుని ఎండలో తిరిగే ఉద్యోగానికి అసలు అది పనికిరాదు. దాన్ని ఇంట్లో ఉంచుకోండి, రాయల్ బ్లూతో ఇంకో తరం రాస్తుంది.

నాలుగో రకం సెల్యులోజ్‌తో నేరుగా రసాయన బంధం పెట్టుకునే ఇంకులు. అమెరికాలోని నూడ్లర్స్ కంపెనీ బుల్లెట్‌ప్రూఫ్ పేరుతో వీటిని చేస్తుంది. కాగితం మీద గట్టివే. కానీ ఇక్కడ అన్నివేళలా దొరకవు, కొన్ని కాగితాల మీద ఆరడానికి చాలా సేపు పడుతుంది. అదే కంపెనీ బే స్టేట్ బ్లూ రంగు చూసి చాలామంది ముచ్చటపడతారు. అది బుల్లెట్‌ప్రూఫ్ రకం కాదు, పైగా ప్లాస్టిక్ భాగాలకు రంగు పట్టించే ఇంకుగా పేరుంది, వేరే ఇంకుతో కలవకూడదు. మొదటి సీసాగా దాని జోలికి పోకండి.

కాగితం కూడా సగం జవాబే. ఇంకు గురించి ఇంత చెప్పాను, కానీ ఒకే ఇంకు రెండు కాగితాల మీద రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. గవర్నమెంట్ సరఫరా రిజిస్టర్లలో కాగితం తరచుగా పీల్చే రకం. ఇంకు పోగుల్లోకి దిగుతుంది, అందుకే అక్షరం అంచులు పాకుతాయి, వెనక పేజీకి మరక దిగుతుంది. చూడ్డానికి బాగుండదు గానీ నీళ్లకు మాత్రం అదే మేలు చేస్తుంది. నున్నగా మెరిసే డైరీ కాగితం మీద రాత ముద్దుగా ఉంటుంది, కానీ ఇంకు పైపైనే ఉండి ఆలస్యంగా ఆరుతుంది, తడిస్తే త్వరగా లేస్తుంది. కొత్త సంవత్సరానికి ఎరువుల కంపెనీలు ఉచితంగా ఇచ్చే డైరీల్లో మెరుపు కాగితం ఉంటే దాన్ని పొలానికి తీసుకుపోవద్దు.

అందుకే నా మాట కూడా గుడ్డిగా నమ్మకండి, మీ రిజిస్టర్ మీద పరీక్ష చేయండి. వెనక పేజీ ఒకటి చింపి, మీరు రోజూ రాసే చేతి వేగంతోనే నాలుగు వరుసలు రాయండి. కాగితాన్ని నాలుగు ముక్కలు చేయండి. ఒకదాన్ని పది నిమిషాల తర్వాత, ఒకదాన్ని మర్నాడు చెంబు నీళ్లలో అరగంట నానబెట్టండి. మూడోదాని మీద తడి వేలితో నాలుగుసార్లు రుద్దండి. నాలుగోది పోల్చుకోవడానికి పక్కన పెట్టండి. ఆరాక కళ్లద్దాలు లేకుండా చదవగలిగితే ఆ ఇంకు మీకు సరిపోతుంది. రంగు ఎంత మిగిలిందని కాదు, అంకెలు తెలుస్తున్నాయా అని చూడండి. మీ డైరీలో ఎకరాలు, గుంటలు, సర్వే నంబర్లే కదా ప్రాణం. 3కూ 8కీ తేడా తెలియాలి.

దొరికే చోటు గురించి అడిగారు. హనుమకొండ చౌరస్తా, వరంగల్ స్టేషన్ రోడ్డు స్టేషనరీ షాపుల్లో మామూలు రాయల్ బ్లూ, పార్కర్ క్వింక్ దొరకడం సులువు. నేను చదువుకునే రోజుల్లో బ్రిల్, చెల్‌పార్క్ సీసాలు కిరాణా కొట్లలో కూడా ఉండేవి. పైలట్ సీసా కావాలంటే షాపతనికి పేరు స్పష్టంగా చెప్పి తెప్పించుకోవాలి, లేదా ఆన్‌లైన్లో. సాలిక్స్, పిగ్మెంట్ ఇంకులకైతే ఆన్‌లైన్ గానీ, హైదరాబాద్ వెళ్లినప్పుడు ఆబిడ్స్‌లోని దక్కన్ పెన్ స్టోర్స్ లాంటి పెన్నుల షాపులో అడగడం గానీ.

ఒక్కటి మాత్రం ఎంత చవకగా దొరికినా కొనొద్దు. ‘వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంక్’, ‘ఇండియన్ ఇంక్’ అని రాసి ఉన్నవి ఇంక్ పెన్నులో ఎప్పుడూ పోయకూడదు. వాటిలో లక్క గానీ అలాంటి జిగురు గానీ ఉంటుంది. ముంచి రాసే పాళీకి, కుంచెకు అవి. పెన్నులో ఎండితే పెన్ను పోయినట్టే. నా దగ్గరికి రిపేరు కోసం తెచ్చిన పెన్నుల్లో ఎక్కువ భాగం ఇలా పాడైనవే. ఇంట్లో చేసిన కరక్కాయ సిరా కూడా పెన్నులో వద్దు, అందులో మడ్డి దిగుతుంది. పుల్లతోనో ముంచే పాళీతోనో రాసి ఆనందించండి.

కడగడం గురించి రెండు ముక్కలు. ఏ ఇంకు నుంచి ఏ ఇంకుకు మారినా పెన్నును శుభ్రంగా కడిగాకే మారండి. రెండు ఇంకులు కలిపి ముదురు నీలం చేద్దామని చూడకండి. ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం అయితే లోపలే ముద్ద కడుతుంది. ఒకసారి మా విద్యార్థి అలా కలిపిన పెన్ను తెస్తే లోపల పెరుగు తోడుకున్నట్టు ఉంది. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. చివరి కడుగుకు బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి, సీసా ఒకటి తెచ్చుకుంటే నెలల తరబడి వస్తుంది. ఐరన్ గాల్ పెన్నును నెలకోసారి కడిగితే చాలు. మొండి మరక పడితే గ్లాసు నీళ్లలో పావు చెంచా ఆస్కార్బిక్ ఆసిడ్ పొడి, అంటే శుద్ధమైన విటమిన్ సి, కలిపి పాళీని గంటసేపు నానబెట్టండి. అది ఇనుమును మళ్లీ కరిగే రూపానికి తెస్తుంది. తర్వాత మంచి నీళ్లతో బాగా కడగాలి. ఐరన్ గాల్ ఉన్న పెన్నులో అమ్మోనియా కలిపిన క్లీనర్లు ముందుగా పోయకండి, ఇనుము మడ్డిలా దిగుతుంది.

మీ ఉద్యోగం చూసి ఇంకో మాట చెప్పాలి. జల్లు పడుతుండగా, కాగితం చెమ్మగా ఉన్నప్పుడు ఏ ఇంక్ పెన్నూ సరిగ్గా రాయదు, నీళ్లకు నిలిచేదైనా సరే, రాసేటప్పుడే పాకిపోతుంది. అలాంటప్పుడు పెన్సిల్ తీయండి. గ్రాఫైట్‌కు నీళ్లతో పని లేదు. సాయంత్రం ఆఫీసుకొచ్చి ఇంకుతో రిజిస్టర్లోకి ఎక్కించుకోండి. నేను ఇప్పటికీ సంచిలో ఒక పెన్సిల్ ముక్క పెట్టుకుంటాను.

చివరగా, తడిసిన ఆ డైరీని పారేశారా? పారేయకపోతే కొంత తిరిగి దొరికే అవకాశం ఉంది. పూర్తిగా ఆరిన పేజీని కిటికీ వెలుతురులో, నీడ పడకుండా ఫోన్‌తో ఫొటో తీయండి. ఫొటోలు సరిదిద్దే యాప్‌లో నలుపు తెలుపు చేసి, రెడ్ ఫిల్టర్ పెట్టండి, కాంట్రాస్ట్ పెంచండి. నీలి రంగు ఎర్రటి వెలుతురును మింగేస్తుంది కాబట్టి కంటికి ఆనని లేత నీలం గీత ఆ ఫొటోలో నల్లగా తేలుతుంది. నా పాఠాల నోట్సులో ఏమీ దొరకలేదు, అది రోజున్నర నానింది. మీది బండి సంచిలో తడిసింది కాబట్టి పేజీల మధ్య భాగాలు బాగానే ఉండొచ్చు. ఇకముందు ఏదైనా తడిస్తే పేజీలు రుద్దకండి, ఎండలో పడేయకండి. పుస్తకాన్ని నిలబెట్టి, పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి ఫ్యాన్ కింద ఆరనివ్వండి. న్యూస్‌పేపర్ పెడితే దాని అచ్చు మీ పేజీకి అంటుకుంటుంది.

పరీక్ష చేశాక మీ రిజిస్టర్ కాగితం మీద ఏం మిగిలిందో ఫొటో పెట్టండి. ఏ కాగితమో, పాళీ సన్నదో లావుదో కూడా రాయండి. సాలిక్స్ వైపు మొగ్గితే చెప్పండి, నా సీసాలోంచి పెన్నుకు సరిపడా చిన్న డబ్బాలో పోసిస్తాను. హనుమకొండ వచ్చినప్పుడు తీసుకెళ్లండి.